గుమ్మంలో నిలబడ్డ మనుషులు: రష్యన్ బొమ్మల్లో ఇంటి గొడవలు

తమ్ముడు: నమస్కారం. ఇవాళ 19వ శతాబ్దపు రష్యాకి వెళ్తున్నాం. జార్ల కోటల్లోకో యుద్ధభూముల్లోకో కాదు, మామూలు ఇళ్ళలోకి. పెళ్లిచూపుల్లోంచి పారిపోతున్న అమ్మాయి, చెప్పాపెట్టకుండా తిరిగొచ్చిన మనిషి, పంపకాలకి కూర్చున్న అన్నదమ్ములు, బిడ్డని పోగొట్టుకున్న తల్లి. అన్నీ బొమ్మలే. మా అక్క పిల్లలకి డ్రాయింగ్ నేర్పిస్తుంది కాబట్టి చెప్పేది తను, అడ్డం పడేది నేను.

అక్క: అది నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా.

తమ్ముడు: ముందుగా ఒక డౌటు. రష్యన్ కథలూ నవలలూ మనకి కొత్త కాదు. మాస్కోలో తెలుగులోనే అచ్చువేసి పంపిస్తే విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికేవి. అమ్మ బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. మరి ఆ దేశం బొమ్మల గురించి ఇక్కడెవరూ పెద్దగా మాట్లాడరేం?

అక్క: పుస్తకం బీరువా దాకా వచ్చింది, బొమ్మ మాస్కోలోనే ఉండిపోయింది. అంతే. ఆ నవలల్లో సంసారాల గోల ఎంతుందో ఈ బొమ్మల్లోనూ అంతే ఉంది. ఒక్క విషయం ముందే చెప్తా. ఈ చిత్రకారులు వేసిన ఇంటి గొడవ చూసేటప్పుడు మొహాల కంటే ముందు గుమ్మం ఎక్కడుందో వెతుకు. ఎవరు లోపలున్నారు, ఎవరు బయటున్నారు, ఎవరు అటూ ఇటూ కాకుండా ఆగిపోయారు. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో అక్కడే తెలిసిపోతుంది.

తమ్ముడు: అంత ధీమాగా చెప్తున్నావు కాబట్టి చూపించు.

అక్క: పావెల్ ఫెదోతోవ్‌తో మొదలుపెడదాం. 1848లో వేశాడు, ‘మేజర్ పెళ్లిచూపులు’ అనుకో. చిన్న బొమ్మ, వెడల్పు ముప్పావు మీటరు. డబ్బున్న వ్యాపారి ఇల్లు. కుడివైపు పక్కగది గుమ్మంలో మేజర్‌గారు నడుం మీద చెయ్యేసుకుని మీసం మెలేస్తున్నాడు. పెళ్లిళ్ళ పేరమ్మ అబ్బాయి వచ్చేశాడని చెప్పడానికి లోపలికొచ్చింది. తండ్రి కోటు గుండీలు పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. అమ్మాయేమో గౌను వేసుకుని ఇంకో వైపుకి పరుగు! తల్లి వెనకనుంచి గౌను పట్టుకుని లాగుతోంది.

తమ్ముడు: ఫోన్‌లో చూస్తున్నా. తల్లి మూతి చూడు, పైకి నవ్వు, లోపల తిట్టు.

అక్క: బయట మనిషి ఉన్నాడు కదా, గట్టిగా తిట్టలేదు. కింద నేల చూడు. అమ్మాయి చేతిలోంచి జారిన చేతిరుమాలు ఉంది. ముందు పిల్లి కూర్చుని మొహం కడుక్కుంటోంది. పిల్లి మొహం కడుక్కుంటే చుట్టాలొస్తారని రష్యాలో నమ్మకం.

తమ్ముడు: మనకి కాకి, వాళ్ళకి పిల్లి.

అక్క: చుట్టం వచ్చేశాడు కూడా. ఇది ప్రేమ వ్యవహారం కాదు, పక్కా లావాదేవీ. మేజర్‌కి డబ్బు కావాలి, వ్యాపారికి హోదా కావాలి. అల్లుడు ఆఫీసరైతే కూతురు కులీనుల ఇంటి కోడలవుతుంది. అందుకని ఆ పిల్ల భయాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అందరూ కంగారుగానే ఉన్నారు, గుమ్మంలో మేజర్ ఒక్కడే తాపీగా ఉన్నాడు. వాడింకా లోపలికే రాలేదు, ఇల్లంతా అప్పుడే వాడి చేతిలో ఉంది.

తమ్ముడు: ఫెదోతోవ్ కూడా మిలిటరీ మనిషేనంటారు?

అక్క: అవును, ఫిన్లాండ్ గార్డ్స్ రెజిమెంట్‌లో ఆఫీసరు. బొమ్మలు వేసుకోవాలని 1844లో ఉద్యోగం వదిలేశాడు. ఈ బొమ్మకి తనే ఒక పెద్ద హాస్య పద్యం రాసి జనానికి వినిపించేవాడు. తర్వాత ఇదే బొమ్మ మళ్ళీ వేశాడు. అందులో సామాన్లు తగ్గాయి, మేజర్‌లో ఉన్న కాస్త సరదా కూడా పోయి వట్టి దుర్మార్గుడిలా తయారయ్యాడు. ఆయన జీవితం కూడా అలాగే చీకటిలోకి జారిపోయింది. 1852లో మతి చెడి ఆసుపత్రిలో పోయాడు, 37 ఏళ్లకి.

తమ్ముడు: అయ్యో.

అక్క: ‘చిన్న విధవరాలు’ అని చివర్లో వేసిన బొమ్మ ఒకటుంది. భర్త పోయిన గర్భిణి, అప్పులవాళ్ళు సీలు వేసిన సామాన్ల మధ్య ఒక్కతే. అది వేరే ఎపిసోడ్‌కి సరిపోతుంది, వదిలేద్దాం.

తమ్ముడు: తర్వాత ఎవరు?

అక్క: వసీలీ పెరోవ్, 1866. ‘వ్యాపారి ఇంటికి వచ్చిన పంతులమ్మ’. పిల్లలకి చదువు చెప్పడానికి ఇంట్లోనే ఉండే గవర్నెస్. చదువుకున్న పిల్ల, చేతిలో డబ్బు లేదు, ఎవరింట్లోనో కొలువు చేసుకోవాలి. గుమ్మం దాటి రెండడుగులు వేసింది. తల వంచుకుని సంచీలోంచి సిఫారసు ఉత్తరం తీస్తోంది. ఎదురుగా ఇల్లంతా బారులు తీరి నిలబడింది. పెద్దాయన డ్రెస్సింగ్ గౌనులో, పొట్ట ముందుకేసుకుని.

తమ్ముడు: కొత్త మనిషొస్తే లుంగీ మీద వచ్చేసినట్టు.

అక్క: అదే! ఆమె కోసం చొక్కా మార్చుకోవాలని అనిపించలేదు. వెనక భార్య, పిల్లలు. పెద్ద కొడుకు చూపు చూడు, ఆ చూపు ఏ ఆడపిల్లకైనా తెలుసు. గోడ మీద ఈ కుటుంబం పెద్దాయన ఫోటో... ఫోటో కాదు, పెయింటింగు. వెనక తలుపు సందులోంచి పనివాళ్ళు తొంగి చూస్తున్నారు. అంటే యజమానుల చూపూ ఆమె మీదే, పనివాళ్ళ చూపూ ఆమె మీదే. రేపట్నుంచి ఈమె ఎవరితో కూర్చుని తింటుంది? ఆ వరసలో చోటు లేదు, ఈ వరసలో చోటు లేదు.

తమ్ముడు: మొహం సరిగ్గా కనిపించదు కూడా.

అక్క: వంచుకుంది కదా. ఆ చేతుల దగ్గర చూడు. ఉత్తరం తీయడానికి ఎంత టైం పడుతుంది? ఆమె తీస్తూనే ఉంది. తలెత్తాల్సిన క్షణాన్ని వాయిదా వేస్తోందని నాకనిపిస్తుంది. 

తమ్ముడు: ఇంటర్నెట్‌లో ఎక్కువగా తిరిగే బొమ్మ ఇంకోటుంది కదా, ముసలాయన పక్కన ఏడుస్తున్న పెళ్లికూతురు?

అక్క: పుకిరెవ్ వేసిన ‘సాటిలేని పెళ్లి’. సాటిలేని అంటే గొప్ప అని కాదు, ఈడూజోడూ కుదరనిది. 1862. మనిషెత్తు బొమ్మ. ముసలి అధికారి, పద్దెనిమిదేళ్లుంటాయో లేదో అన్నట్టున్న అమ్మాయి, వేలికి ఉంగరం తొడగబోతున్న పూజారి. వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రాడు.

తమ్ముడు: మన సినిమాలో అయితే వాడే ‘ఆపండి’ అని అరవాలి.

అక్క: ఇక్కడ వాడు నోరు విప్పడు. నిజం చెప్పనా, నాకు ఈ బొమ్మ అంతగా ఎక్కదు. ఎవరి మీద జాలిపడాలో, ఎవరిని అసహ్యించుకోవాలో ముందే రాసిచ్చేశాడు. మనం చేయాల్సిన పని ఏమీ మిగల్లేదు. ఆ రోజుల్లో మాత్రం సంచలనం, పుకిరెవ్‌కి పీటర్స్‌బర్గ్ చిత్రకళల అకాడమీ ప్రొఫెసర్ హోదా ఇచ్చింది. ముందుకెళ్దాం.

తమ్ముడు: అంత తొందరేంటి?

అక్క: రేపిన్ దగ్గరికి పోవాలి. ఇల్యా రేపిన్, ‘ఎదురుచూడలేదు’. 1884లో మొదటిసారి జనానికి చూపించాడు. ఇందులో పరిస్థితి ఏమిటంటే, రాజకీయ ఖైదీగా దూరం పంపేసిన మనిషి ఇంటికి తిరిగొచ్చాడు. కబురు లేదు, ఉత్తరం లేదు. అలా లోపలికి నడిచొచ్చాడు.

తమ్ముడు: ఖైదీ అని బొమ్మలో ఎక్కడా రాసి లేదుగా?

అక్క: రాయనక్కర్లేదు. మూడేళ్ల కిందటే, 1881లో జార్ రెండో అలెగ్జాండర్‌ని బాంబు వేసి చంపారు. తర్వాత అరెస్టులు, ప్రవాస శిక్షలు. చిక్కిపోయిన మనిషి, ముతక కోటు, మట్టికొట్టుకున్న బూట్లు చూడగానే ఆనాటి జనానికి అర్థమైపోయింది. గోడలు చూడు. షెవ్‌చెంకో, నెక్రాసోవ్ అనే కవుల బొమ్మలున్నాయి, ఇద్దరూ బీదల పక్షం మాట్లాడినవాళ్ళు. షెవ్‌చెంకో అయితే తనే పదేళ్లు ప్రవాసం అనుభవించాడు. మధ్యలో శిలువ వేసే కొండ మీద క్రీస్తు. ఇంకో పక్క, హత్యకి గురై పడుకోబెట్టిన జార్ బొమ్మ.

తమ్ముడు: ఆగాగు. తిరుగుబాటు కవులూ, చంపబడ్డ రాజూ ఒకే గదిలోనా?

అక్క: ఒకే గదిలో. ఆ ఇంట్లో రాజకీయం అంత తేలిక కాదు. సరే, గుమ్మానికి రా. తలుపు తీసింది పనిమనిషి. చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది. ఆమెకి ఇతనెవరో తెలీదు, రానివ్వొచ్చో లేదో తేల్చుకోలేదు. ఇతను ఆమెని దాటి లోపలికొచ్చేశాడు, కానీ గది మధ్యకి రావడానికి కాళ్ళు ఆడట్లేదు. సొంతింట్లో పరాయివాడిలా నిలబడ్డాడు.

తమ్ముడు: నల్ల బట్టల్లో వంగి లేస్తున్నది తల్లా?

అక్క: తల్లే. బొమ్మ మొత్తంలో అందరికంటే ఎక్కువ తెలియాల్సిన మొహం ఆమెది. రేపిన్ ఆమెని మనకి వీపు పెట్టించాడు. ఆ వంగిన నడుం, కుర్చీ పక్కనున్న చెయ్యి, అంతే. పియానో దగ్గర భార్య ఇటు తిరిగింది, ఆనందమా షాకా ఇంకా ఏదీ కాదు. టేబుల్ దగ్గర పిల్లాడు మొహమంతా నవ్వేశాడు, వాడు గుర్తుపట్టాడు. వాడి పక్కన చిన్నపిల్ల తల దించి కళ్ళు పైకెత్తి అనుమానంగా చూస్తోంది.

తమ్ముడు: ఆ పిల్లకి నాన్నెవరో తెలీదు.

అక్క: ఎన్నేళ్లు పోయాడో ఆ పిల్ల మొహం చెప్తుంది. వేరే లెక్క అక్కర్లేదు.

తమ్ముడు: వచ్చినవాడి మొహం మాత్రం నాకు అర్థం కాలేదక్కా. సంతోషం కాదు, దుఃఖం కాదు. ‘నన్ను రానిస్తారా’ అన్నట్టుంది.

అక్క: ఆ మొహం కోసం రేపిన్ పడని పాట్లు లేవు. మొదట కాస్త హీరోలా, తలెత్తుకుని ఉండేవాడట. తర్వాత మళ్ళీ మళ్ళీ మార్చాడు. అప్పటికే బొమ్మ పావెల్ త్రెత్యకోవ్ కొనేసుకున్నాడు. ఆయన మాస్కో బట్టల వ్యాపారి. దేశంలో మంచి బొమ్మలన్నీ కొని చివరికి 1892లో మొత్తం కలెక్షన్ మాస్కో నగరానికి రాసిచ్చేశాడు. ఆయన ఊళ్లో లేనప్పుడు రేపిన్ రంగులపెట్టె పట్టుకుని వెళ్లి ఆ ముఖం మీద మళ్ళీ వేసేశాడు. పెద్దాయనకి ఒళ్ళు మండింది.

తమ్ముడు: మండదూ మరి! అమ్మేసిన వస్తువు మీద చెయ్యేస్తే!

అక్క: రేపిన్ మాత్రం 1888లో మళ్ళీ మార్చాకగానీ శాంతించలేదు. ధీమా పోయి నువ్వన్న ఆ ప్రశ్న వచ్చింది. ఇంకో సంగతి. ఇందులో మోడల్స్ రేపిన్ ఇంటివాళ్ళే, పీటర్స్‌బర్గ్ దగ్గర అద్దెకి తీసుకున్న వేసవి ఇంట్లో. భార్య వేరా కూర్చుంది, అత్తగారు కూర్చుంది, కూతురు కూర్చుంది. ఆ మొహం దిద్దుతూ ఉన్న ఏళ్లలోనే, 1887లో, రేపిన్, వేరా విడిపోయారు.

తమ్ముడు: అంటే ఆ గుమ్మంలో నిలబడ్డది తనేనంటావా?

అక్క: అనను. అలా అనేస్తే బాగుంటుంది, వినేవాళ్ళు ‘ఆహా’ అంటారు. అంత సాక్ష్యం నా దగ్గర లేదు. ఇల్లు సర్దుకోవడం ఎంత కష్టమో తెలిసిన మనిషి వేసిన బొమ్మ అని మాత్రం అంటాను. ఇదే కథని ముందు, 1883లో చిన్నగా వేశాడు. అందులో తిరిగొచ్చింది ఆడపిల్ల, స్టూడెంటు. నాకు పర్సనల్‌గా ఆ ఆలోచన వదిలేయకుండా ఉండాల్సింది అనిపిస్తుంది.

తమ్ముడు: ఈ బొమ్మ మీద సైన్స్ ప్రయోగం ఏదో జరిగిందన్నావు?

అక్క: ఆల్‌ఫ్రెడ్ యార్బుస్ అని సోవియట్ శాస్త్రవేత్త. మనం బొమ్మ చూసేటప్పుడు కన్ను ఎక్కడెక్కడ ఆగుతుందో కొలిచాడు. కంటికి చిన్న పరికరం అతికించేవాడు, గాలి పీల్చి పట్టుకునే మూతలాంటిది. దాని మీద బుల్లి అద్దం. కన్ను కదిలితే అద్దం మీద పడ్డ వెలుగు కదిలి కాగితం మీద గీత పడుతుంది.

తమ్ముడు: వినడానికే నా కళ్ళలో నీళ్ళొస్తున్నాయి.

అక్క: చూడమని ఇచ్చిన బొమ్మ ఇదే. ఒకే మనిషికి, ఒక్కోసారి 3 నిమిషాలు, మొత్తం 7 సార్లు. మొదట ఊరికే చూడమన్నాడు. తర్వాత ఈ కుటుంబం ఎంత ఉన్నవాళ్ళో చెప్పమన్నాడు. వయసులు చెప్పమన్నాడు. ఇతను రాకముందు వీళ్ళేం చేస్తున్నారో, ఎవరేం బట్టలు వేసుకున్నారో, ఏ వస్తువు ఎక్కడుందో, చివరికి ఇతను ఎన్నాళ్ల తర్వాత వచ్చాడో. ప్రతిసారీ కన్ను గీసిన దారి మారిపోయింది. డబ్బు గురించి అడిగితే సామాన్ల మీదా బట్టల మీదా తిరిగింది. ఎన్నాళ్లయింది అని అడిగితే వస్తువులన్నీ వదిలేసి మొహం నుంచి మొహానికి పరిగెత్తింది, గుమ్మం నుంచి తల్లికి, తల్లి నుంచి పిల్లలకి, మళ్ళీ గుమ్మానికి. ఆయన పుస్తకం 1965లో వచ్చింది. కంటి కదలికల మీద పనిచేసేవాళ్ళు ఆ గీతల బొమ్మని ఇప్పటికీ చూపిస్తుంటారు.

తమ్ముడు: అంటే రేపిన్ వేసిన సస్పెన్స్ నిజంగానే కంటిని పరిగెత్తించింది.

అక్క: ప్రశ్న సరైనదైతే.

తమ్ముడు: రేపిన్ అనగానే అందరూ చెప్పే బొమ్మ ఒకటుంది, కొడుకుని చంపిన రాజు. అదీ ఇంటి గొడవే కదా?

అక్క: ఇవాన్ ద టెరిబుల్. 1581లో కోపంతో కొడుకు తల మీద కర్రతో కొట్టాడని, ఆ దెబ్బకే కొడుకు పోయాడని కథ. గర్భిణి అయిన కోడలి మీద మామ చెయ్యి చేసుకుంటే కొడుకు అడ్డం వచ్చాడని ఒక కథనం. రేపిన్ 1885లో పూర్తిచేశాడు. నెత్తురోడుతున్న కొడుకుని ఒళ్లోకి లాక్కుని తండ్రి పిచ్చి కళ్ళతో చూస్తుంటాడు. జార్ మూడో అలెగ్జాండర్ కొన్ని నెలలపాటు దాన్ని ఎవరికీ చూపించొద్దని నిషేధించాడు. 1913లో ఒకడు కత్తితో ఆ మొహాలని చీరేశాడు, 2018లో ఇంకొకడు ఇనప కడ్డీతో అద్దం పగలగొట్టాడు. ఇన్ని జరిగాయి కాబట్టి అందరికీ అదే తెలుసు. గొప్ప బొమ్మే. కానీ అది గొడవ అయిపోయాక బొమ్మ. గొడవ ఇంకా నోట్లోనే ఉన్న బొమ్మలంటే నాకిష్టం.

తమ్ముడు: అయితే క్రమ్‌స్కోయ్ బొమ్మలో కూడా అంతా అయిపోయాకే కదా?

అక్క: అది వేరు. అక్కడ గొడవే లేదు, దుఃఖం. ఇవాన్ క్రమ్‌స్కోయ్, ‘ఓదార్పు లేని దుఃఖం’, 1884. ఈయన గురించి రెండు మాటలు చెప్పాలి. 1863లో పీటర్స్‌బర్గ్ అకాడమీ గోల్డ్ మెడల్ పోటీకి పురాణకథని సబ్జెక్టుగా ఇస్తే, మాకిష్టమైనది వేస్తాం అని 14 మంది స్టూడెంట్లు బయటికి నడిచారు. వాళ్ళ నాయకుడు ఈయనే. అందులోంచే తర్వాత 1870లో పెరెద్విజ్నికీ సంఘం పుట్టింది, ఊరూరా తిరిగి ఎగ్జిబిషన్లు పెట్టేవాళ్ళు. ఇందాకటి పెరోవ్, రేపిన్, ఇప్పుడు చెప్పబోయే వాళ్ళూ ఆ గుంపే.

తమ్ముడు: బొమ్మ సంగతి చెప్పు.

అక్క: క్రమ్‌స్కోయ్‌కి ఇద్దరు చిన్న కొడుకులు కొద్ది ఏళ్ల తేడాలో పోయారు. తర్వాత ఈ బొమ్మ మొదలుపెట్టి ఏళ్ల తరబడి వేశాడు. ముందు వేసిన వాటిల్లో తల్లి కూలబడిపోయి ఉంటుంది. చివరికి వచ్చిన దాంట్లో నిలబెట్టాడు. రెండు మీటర్ల పైన ఎత్తున్న బొమ్మ. నల్లబట్టల్లో ఒక ఆవిడ, పక్కన బరువైన పరదా. చేతిరుమాలు నోటికి అదిమి పట్టుకుంది. ఏడుపు బయటికి రాకుండా ఎవరైనా అలాగే పట్టుకుంటారు కదా.

తమ్ముడు: శవపేటిక ఏది?

అక్క: లేదు. వేయలేదు. కుర్చీ మీద పూలదండలున్నాయి, నేలమీద కుండీలో ఒక ఎర్ర పువ్వు. అంత నల్లటి బట్టల పక్కన ఆ ఎరుపు ఎంత కష్టంగా ఉంటుందో. పువ్వుల్ని బట్టి పక్కగదిలో ఎవరో పడుకుని ఉన్నారని మనకి తెలుస్తుంది. ఆవిడ ఆ గదిలోంచి వచ్చిందా, ఆ గదిలోకి వెళ్ళడానికి ధైర్యం కూడగట్టుకుంటోందా, అది తెలీదు. ఆవిడ మొహంలో ఆయన భార్య సోఫియా పోలికలుంటాయి.

తమ్ముడు: తండ్రి బొమ్మ ఎందుకు వేయలేదు మరి? పోయింది ఆయన పిల్లలు కూడా కదా.

అక్క: నాకూ అదే అనిపిస్తుంది. తన దుఃఖాన్ని ఆవిడ మొహం మీద వేశాడేమో. మగవాళ్ళ ఏడుపు ఎలా వేయాలో అప్పటికి ఎవరూ నేర్పలేదు. త్రెత్యకోవ్‌కి ఉత్తరం రాస్తూ ఈ బొమ్మని ఊరికే ఇస్తాను, తీసుకోండి అన్నాడు. అమ్మకానికి పెట్టే వస్తువు కాదని. త్రెత్యకోవ్ ఊరికే తీసుకోలేదు, డబ్బిచ్చాడు. ఇంకో మూడేళ్లకి, 1887లో, క్రమ్‌స్కోయ్ బొమ్మ వేస్తూనే కుప్పకూలి పోయాడు. అప్పుడు ఎదురుగా కూర్చుని ఉన్నది డాక్టర్ రౌఖ్‌ఫుస్. పిల్లల డాక్టరు.

తమ్ముడు: ...

అక్క: అవును. సరే, పల్లెటూరికి వెళ్దాం.

తమ్ముడు: పంపకాలు.

అక్క: వసీలీ మక్సీమోవ్, ‘కుటుంబ పంపకాలు’, 1876. ఇప్పటిదాకా చూసినవి వ్యాపారుల ఇళ్ళూ చదువుకున్నవాళ్ళ ఇళ్ళూ. ఇది రైతు ఇల్లు, దుంగలతో కట్టినది. మక్సీమోవ్ రైతు బిడ్డే, పల్లె తెలిసినవాడు. ఊరి పెద్ద కూర్చున్నాడు, అన్నదమ్ములు, వాళ్ళ పెళ్ళాలు, నేలమీద ఇంటి సామాను. ఎవరూ అరవట్లేదు. అరుపులన్నీ నిన్ననే అయిపోయాయి.

తమ్ముడు: ఇది మాత్రం ఏ జిల్లా అని అడగబుద్ధేస్తోంది.

అక్క: కారణం మాత్రం అక్కడిదే. 1861 దాకా రైతులు వెట్టి బానిసలు, ఆ ఏడు విముక్తి వచ్చింది. అంతకుముందు ఇంట్లో ముగ్గురు నలుగురు అన్నదమ్ములు తండ్రి కింద ఒకే కుండలో తినేవాళ్ళు, పెత్తనం ఆయనదే. విముక్తి తర్వాత కుర్రాళ్ళు పట్నాలకి కూలికి వెళ్ళారు, చేతిలో నోట్లు వచ్చాయి. నేను సంపాదించింది అన్న పిల్లలకి ఎందుకు పెట్టాలి అన్న మాట వచ్చింది. వేరు కాపురాలు ఎంత పెరిగాయంటే 1886లో ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఇంటిపెద్ద ఒప్పుకోవాలి, ఊరి సభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, అప్పుడే పంపకం.

తమ్ముడు: చట్టంతో అన్నదమ్ముల్ని కలిపి ఉంచగలరా ఎవరైనా?

అక్క: ఉంచలేకపోయారు, చెప్పకుండానే వేరుపడ్డారు. ఎప్పుడైనా గొడవ పెట్టింది ఆడవాళ్ళే అని పెద్దమనుషులు తీర్పు చెప్పేవాళ్ళు. కోడలు తెచ్చుకున్న పెట్టె మాత్రం ఆమెదే, అది పంపకంలోకి రాదు. ఇంట్లో తనదంటూ ఉన్న ఒక్క వస్తువు అది. మరి మిగతా ప్రతి గిన్నె కోసం పోట్లాడకపోతే ఏం చేస్తుంది?

తమ్ముడు: పట్నం పోయిన ఆ కుర్రాడి సంగతి?

అక్క: అక్కడికే వస్తున్నా. వ్లదీమిర్ మకోవ్‌స్కీ, ‘బులెవార్డ్ మీద’, 1886, 87లో వేశాడు. మాస్కోలో రోడ్డు పక్కన చెట్ల మధ్య బెంచీ. దాని మీద ఒక కుర్రాడు, ఎర్ర చొక్కా, బుగ్గలు ఎర్రగా, కాస్త తాగి ఉన్నాడు, చేతిలో అకార్డియన్. పక్కన పల్లె నుంచి వచ్చిన భార్య, ఒళ్ళో పసిబిడ్డ. అతను అటు, ఆమె ఇటు. ఆమె చూపు ఎక్కడా ఆగట్లేదు. ఇక్కడ చూశావా, గుమ్మమే లేదు. కూర్చుని దెబ్బలాడుకోవడానికి వీళ్ళకి ఇల్లే లేదు. అతను ఉండేది ఏ వర్క్‌షాపు అటకమీదో, పదిమందితో.

తమ్ముడు: నేను వాడి వైపు మాట్లాడతా. వాడికీ ఇరవై దాటి ఉండవు. పల్లెలో పెళ్లి చేసి పట్నానికి తోలారు. ఆదివారం ఒక్కరోజు సెలవు. ఆరోజు ఆమె వచ్చి కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలీక వాయిస్తున్నాడు.

అక్క: తెలీక కాదు, అక్కర్లేక. ఆమె ఎంత దూరం నుంచి బిడ్డనెత్తుకుని వచ్చిందో చూడు. ఒక్కసారి బిడ్డ మొహం చూడొచ్చుగా?

తమ్ముడు: చూస్తే ఇంటికి రమ్మంటుందని భయం.

అక్క: రమ్మననీ. అకార్డియన్ కింద పెట్టి రాలేనని మొహం మీద చెప్పొచ్చు కదా.

తమ్ముడు: అంత తేలికైతే మకోవ్‌స్కీ ఈ బొమ్మ వేసేవాడా?

అక్క: వేసేవాడు. ఇంకొంచెం ఆమె పక్కకి జరిపి వేసేవాడు.

తమ్ముడు: నేను ఒప్పుకోను. కామెంట్లలో రాయండి మీరెవరి వైపో. నాకు ఎడిటింగ్ ఉంది, ఉంటాం.